మెట్ల లెక్క

కుర్రాడు చాప మీద కూర్చుని కుడికాలు దిండు మీద చాపుకున్నాడు. మోకాలు ఉబ్బి చిప్ప జాడే లేదు. చుట్టూ పాత పంచె చింపి కట్టిన కట్టు. కట్టులోంచి నువ్వుల నూనె, పసుపు వాసన. నిన్న రాత్రి కబడ్డీ ప్రాక్టీసులో కూతకు వెళ్లి, వెనక్కి తిరగబోతే పాదం మ్యాట్‌కు అతుక్కుపోయిందట. మీద ఎవరూ పడలేదు, ఎవరూ పట్టుకోలేదు. లోపల టప్‌మందని చెప్పాడు. వచ్చే ఆదివారం ఫైనల్. ఉద్యోగాలిచ్చే జట్ల వాళ్లు చూడడానికి వస్తారని గల్లీ అంతా అంటోంది.

ఇది బొంబాయి కామాఠీపురాలో 11వ గల్లీ, 3వ అంతస్తు. ఒకే గది, పైన పడుకోవడానికి చెక్కల మాళా, బయట అందరికీ కలిపి ఒక వరండా. పద్దెనిమిదో శతాబ్దం చివరి నుంచి నిజాం రాజ్యం వదిలి ఈ ఊళ్లో రాళ్లు మోయడానికి, గోడలు కట్టడానికి వచ్చిన తెలుగువాళ్లను కామాఠీలన్నారు. పేటకు ఆ పేరే నిలిచింది. బయటి లోకం ఈ పేరు వినగానే ఇంకొకటి తలుచుకుంటుంది. ఇక్కడ పుట్టిన పిల్లలకు ఇది నీళ్ల డ్రమ్ములు, బతుకమ్మలు, సాయంత్రం కబడ్డీ.

కుర్రాడికి అటు ఒకరు, ఇటు ఒకరు కూర్చున్నారు. ఒకరు గల్లీ అంతా వస్తాదు అని పిలిచే పెద్దాయన. 1970లలో ఒక మిల్లు జట్టుకు ఆడారు. మరొకరు ఆయన మేనకోడలు. ఫిజియోథెరపీ చదివి, నాలుగైదు కబడ్డీ, బాస్కెట్‌బాల్ జట్ల పిల్లల దెబ్బలు చూస్తుంది. నేను గోడకు ఆనుకుని రాసుకున్నాను.

కోడలు: ముందుగాల ఈ కట్టు విప్పుత. ఎవలు కట్టిండ్రు మామా?

మామ: నేనే. నలభై ఏండ్ల సంది ఇట్లనే కడుతున్న. తెల్లారేసరికి వాపు దిగుతది.

కోడలు: వేళ్లు ముట్టుకో. సల్లగున్నయ్. ఇంత బిగిస్తే కిందికి రక్తం పోదు.

మామ: కట్టు మీద నీకు నమ్మకం లేకపోతే లేకపాయె. మన తెలుగోళ్లల్ల పుత్తూరు కట్టు అంటె తెల్వనోడు ఎవడు? బొంబైల హాడ్‌వైద్యుల తానకు ఎంతమంది పోలె? చేయి ఇరిగినోడు మళ్ల కూతకు పోలేదా?

కోడలు: పోయిండ్రు. ఇరిగిన ఎముకను కదలకుంట పట్టి ఉంచాలని వాళ్లకు తెల్సు, అది కాదనను. కానీ ఫొటో తీయకుంట బిగిస్తే, లోపల వాపు పెరిగి బయట కట్టు జాగ ఇయ్యకపోతే, కండ సచ్చిపోతది. వేళ్లు కొంకర్లు పోయిన పిల్లలను చూసిన. అయినా ఇక్కడ ఇరిగింది ఎముక గాదు. తొడ ఎముకకు, కాలెముకకు నడుమ మోకాల్ల రెండు తాళ్లు అడ్డంగ దాటుకుంట ఉంటయ్. ముందటి తాడు తెగినట్టుంది. టప్‌మన్నది, రెండు గంటల్లనే ఉబ్బింది. అంత జల్ది ఉబ్బిందంటె లోపల ఉన్నది రక్తం. దాని మీద నూనె పోసి రుద్దితే ఇంకింత కారుతది.

ఆమె మోకాలు కొంచెం వంచి, ఒక చేత్తో తొడ, ఇంకో చేత్తో పిక్క పట్టి మెల్లగా ముందుకు లాగింది. ముందు బాగున్న కాలు, తరవాత ఈ కాలు. బాగున్న కాలు ఒకచోట గట్టిగా ఆగింది. ఈ కాలు ఆగలేదు. వస్తాదు కళ్లార్పకుండా చూశారు. ఏం చూడాలో ఆయనకూ తెలుసనిపించింది.

మామ: మంచుగడ్డ పెడుదామంటె ఈ గల్లీల ఫ్రిజ్ ఎంతమందికున్నది? చేపల బజార్ల తేవాలె. మంచు పెట్టుమన్న డాక్టరే మళ్ల మాట మార్చిండట గద. నీ నోటితోనే విన్న.

కోడలు: మార్చిండు. గేబ్ మిర్కిన్ అని అమెరికా డాక్టరు. ఇరామం, మంచు, కట్టు, కాలు ఎత్తిపెట్టుడు అని 1978ల పుస్తకంల రాసిండు. లోకమంత అదే పాటించింది. 2014ల ఆయనే, మంచు నొప్పి తగ్గిస్తది గని మానుడును ఆలస్యం జేయొచ్చు అన్నడు. ముప్పై ఆరేండ్ల తర్వాత తన మాట తనే సరిజేసుకున్నడు. అట్లాంటోళ్లను నేను నమ్ముత.

మామ: నేను నమ్మేది మట్టిని. చెడుగుడు మట్టి మీద ఆడే ఆట. ఇక్కడి మరాఠీవాళ్లు హుతూతూ అన్నా, మనం చెడుగుడు అన్నా, ఉత్త కాళ్లతోని మట్టిల ఆడేది. పాదం జారుతది, ఒళ్లు దానెంట తిరుగుతది. ఈ మ్యాట్ వచ్చింది, బూట్లు వచ్చినయ్. పాదం అక్కడ్నే పట్టుకుంటది, నడుం తిరుగుతది. నడుమ మోకాలు ఏం జేయాలె? మా కాలంల తోలు ఊడింది, వేళ్లు బెణికినయ్, చిటికెన ఏలు ఇరిగింది. ఉత్త పున్యానికి, ఎవలు ముట్టకుంట, మోకాలు తెగుడు నేను సూడలె.

ఇక్కడ నేను కలగజేసుకోకుండా ఉండలేకపోయాను. ఈ ఒక్క మాటలో పెద్దాయన పక్కనే శాస్త్రం ఉంది. ఆమె కూడా తలూపింది.

కోడలు: దీంట్ల నువ్వు సగం గాదు, ముప్పాతిక కరెక్టు. మోకాలి తాడు తెగుడు ఎక్కువసార్లు ఎవలూ ముట్టకుంటనే అయితది. నార్వేల హ్యాండ్‌బాల్ ఆడే ఆడపిల్లలను ఏండ్లకేండ్లు చూసిండ్రు. బూటుకు పట్టు ఎక్కువ ఉండే కొత్తరకం నేల మీద ఆడినోళ్లకు, కట్టె నేల మీద ఆడినోళ్ల కన్నా, తాళ్లు ఎక్కువ తెగినయ్. కానీ మామా, ఇగ పెద్ద పోటీలన్నీ మ్యాట్ మీదనే. 2014ల ప్రో కబడ్డీ వచ్చినంక ఏ పిల్లడు మట్టి కోసం ఆగుతడు? నేల మారింది. ఆ నేల మీద దుంకి దిగుడు, తిరుగుడు మనం నేర్పియ్యలె. మోకాలు లోపలికి వాలకుంట, పాదం సీదా పెట్టి, నడుం కిందికి దించి దిగాలె. గది నేర్పితే వస్తది.

మామ: నేర్పుతనే ఉన్న. దండీలు, బైఠకులు లేకుంట ఒక్కణ్ని కోర్టులకు పోనియ్యను.

కోడలు: బైఠకుల తాకత్ వస్తది. తిరుగుడు రాదు. ఫిఫావాళ్లు ఫుట్‌బాల్ పిల్లల కోసం ఇలెవెన్ ప్లస్ అని కసరత్తు తయారు జేసిండ్రు. ఇరవై నిమిషాలు, పదిహేను కసరత్తులు. ఉరుకుడు, ఒంటికాలి మీద నిలబడుడు, దుంకి దిగుడు, ఒకడు మడిమెలు పట్టుకుంటే ఇంకొకడు మోకాళ్ల మీద నుంచి నిమ్మళంగ ముందుకు వాలుడు. నార్వేల 13 నుంచి 17 ఏండ్ల ఆడపిల్లలు 1,892 మందిని ఒక సీజనంత చూసిండ్రు. 2008ల ఫలితం వచ్చింది. అది చేసిన జట్లల్ల మొత్తం దెబ్బలు మూడో వంతు దాక తగ్గినయ్, పెద్ద దెబ్బలైతే దాదాపు సగం. ఎక్కువసార్లు చేసినోళ్లకే ఎక్కువ లాభం.

మామ: ఇరవై నిమిషాలా? మా తాలీంల అర్ధగంట పట్టేది, కుస్తీకి ముందుగాల. ఏం చేసేటోళ్లమో తెల్సా? పార తీసుకొని ఎర్రమట్టి తవ్వేటోళ్లం. పసుపు, నూనె, మజ్జిగ కలిపిన మట్టి. రోజూ పైకి కిందికి తిరగేసి, గడ్డలు పగలగొట్టి, సదును జేసి, అప్పుడు లంగోటీ. పారపని ఎవలు తప్పిస్తే వాళ్లకు ఆ రోజు పట్టు లేదు. నేల మెత్తగైతది, నడుం, భుజాలు, తొడలు వేడెక్కుతయ్. పడ్డా దెబ్బ తక్కువ. మాకు ఏ నార్వేవాడు చెప్పిండు?

ఆమె వెంటనే జవాబు చెప్పలేదు. నోట్‌బుక్కులో ఏదో రాసుకుంది. ఆటలో దెబ్బలు తప్పించే శాస్త్రానికి 1992లో నెదర్లాండ్స్ పరిశోధకుడు విల్లెం వాన్ మెహెలెన్ నాలుగు మెట్లు చెప్పాడు: దెబ్బలు ఎన్నో లెక్కపెట్టు, ఎందుకు తగులుతున్నాయో తెలుసుకో, ఉపాయం పెట్టు, మళ్లీ లెక్కపెట్టు. తాలీంవాళ్లకు మూడోది అలవాటుగా ఉంది. ఒకటోదీ నాలుగోదీ లేవు. ఆమె పట్టుకున్నది కూడా అక్కడే.

కోడలు: గోడ మీద ఆ జట్టు ఫొటో చూడు మామా. ఎడమ దిక్కు చివర నిలబడ్డాయన ఎవలు?

మామ: మంచి కవర్. ఆయన చేతిల పడితే లేచేది లేదు.

కోడలు: తర్వాత?

మామ: ...నడుం పట్టేసింది. ఆడుడు బందయింది. మిల్లు పని కూడ.

కోడలు: ఆయన పక్కాయన?

మామ: మోకాలు. సరె, మోకాలే. మిల్లుల నిలబడి పనిజేసే కాలు, ఉబ్బింది, దిగింది, మళ్ల ఉబ్బింది. 1982 జనవరి 18న మిల్లుల సమ్మె మొదలైంది. మిల్లే పోయినంక ఎవడి మోకాలు ఎవడు అడుగుతడు? ఊరికి పోయిండు.

కోడలు: ఇప్పుడే అంటివి, మోకాలు తెగుడు సూడలె అని. చూసినవ్. పేరు పెట్టలె, అంతే. మొదటి వాపు దిగంగనే బాగయిందనుకుంటం. తాడు లేని మోకాలు నడిచేటప్పుడు బాగనే ఉంటది, తిరగంగనే జారుతది. జారినప్పుడల్లా ఎముకల నడుమున్న మెత్తటి గిన్నెలు చీరుతయ్. పదేండ్లకు ఎముక ఎముక రాసుకుంటయ్. ఫొటోల నవ్వుకుంట నిలబడ్డ పన్నెండు మందిల ఎంతమంది మెట్లు దిగగలిగిండ్రో నువ్వే లెక్కబెట్టి చెప్పు.

వస్తాదు లెక్కపెట్టలేదు. లేచి కిటికీ దగ్గరికెళ్లి కాసేపు నిలబడ్డారు. ఆ ఫొటోలోని మనుషులు ఆయనకు అన్నదమ్ముల్లాంటి వాళ్లు. వాదనలో గెలుపోటములు అలాంటిచోట చూడకూడదు.

మామ: మనోడు బ్యాడ్మింటన్ గోపీచంద్ మోకాలు పోయినంకనే ఇంగ్లండుల గెలిచిండు.

కోడలు: గెలిచిండు. మోకాలి తాడు తెగింది 1994ల, డబుల్స్ ఆడేటప్పుడు. ఆల్ ఇంగ్లండ్ గెలిచింది 2001 మార్చిల. నడుమ ఆపరేషన్లున్నయ్, మళ్ల మళ్ల అదే కసరత్తున్నది. వచ్చే ఆదివారం ఆడలె.

మామ: ఆయనకు చూసేటోళ్లుండిరి. గిది కూడ విను. నీరజ్ చోప్రా మోచేయి 2019ల ఎక్కడ కోసిండ్రు? బొంబైల. సైనా మోకాలు 2016ల? బొంబైల. రిషభ్ పంత్ కారు బోల్తాపడి మోకాలి తాళ్లు తెగితే యాడికి పట్టుకొచ్చిండ్రు? అంధేరికే. అక్కడి పార్దీవాలా డాక్టరు చేతులు బంగారం, నేను కాదంటలేను. నీరజ్ టోక్యోల బంగారు పతకం తెచ్చిండు, పంత్ మళ్ల వికెట్ల ఎనక నిలబడ్డడు. గీ గల్లీ నుంచి అంధేరికి లోకల్ల నలభై నిమిషాలు. ఈ పిలగాడు ఆ తలుపు దాటుతడా?

కోడలు: ఆ తలుపు దాటకపోయినా తలుపులున్నయ్. దేశంల ఫిజియోథెరపీ బడి ముందుగాల తెరిచింది పరేల్‌ల మున్సిపాలిటీ ఆసుపత్రి కేఈఎంలనే, పోలియో పిల్లల కోసం, 1950ల మొదట్ల. హాజీ అలీ కాడ కేంద్ర ప్రభుత్వం పునరావాస సంస్థ 1955 నుంచి ఉన్నది, ఇక్కడి నుంచి బస్సుల పోవచ్చు. నాయర్ ఆసుపత్రి అయితే నడిచిపోయే దూరం. మన బస్తీకి దగ్గర్ల ఉన్నయన్నీ. మనోళ్లు చేయి తెగితే పోతరు, జ్వరమొస్తే పోతరు. ఆటల దెబ్బకు పోరు. ఆటంటె సోకు అనుకుంటరు.

మామ: లైన్ల నిలబడితే ఒక రోజు కూలి పోతది. దానికి సోకని పేరు పెట్టకు. కుండ కొట్ట ఒకల మీద ఒకలు ఎక్కే గోవిందల సంగతి జూడు. దహీహండీ కుండకు లక్షలు. 2014ల కోర్టు ఇరవై అడుగులు దాటొద్దన్నది. 2017ల ఎత్తు సంగతి సర్కారుకే వదిలింది, 14 ఏండ్ల లోపు పిల్లలు ఎక్కొద్దన్నరు. 2022ల సాహస క్రీడ అన్నరు, సస్తే పది లక్షలన్నరు. పడ్డంక ఇచ్చే పైసలకు లెక్కున్నది. పడకుంట చేసే పైసలకు లెక్క ఏది? మన గల్లీ పిల్లలు కింది వరసల నిలబడతరు, మెడ మీద ముగ్గురిని మోసుకుంట. వాళ్లకు నీ ఇలెవెన్ ప్లస్ ఎవలు నేర్పిండ్రు?

కోడలు: ఎవలూ నేర్పలె. దీంట్ల నీకు నాకు పంచాతి లేదు. మెత్తటి పరుపులు, హెల్మెట్లు, పైన ఎక్కేటోనికి నడుముకు తాడు, అన్నీ చెప్పుడు అయితంది, ఊరేగింపు రోజు లారీల ఎన్ని కనిపిస్తయో నువ్వే చూస్తవ్.

మామ: ఐతె చెప్పు. ఈ పిలగాడు ఆపరేషన్ చేయించుకున్నడనుకో. ఎన్ని రోజులు?

కోడలు: తొమ్మిది నెలలకు తక్కువ గాదు. ఓస్లోల చూసిండ్రు, 2016ల వచ్చింది. తొమ్మిది నెలల దాక, ఒక్కో నెల ఎక్కువ ఆగినకొద్ది మోకాలికి మళ్ల దెబ్బ తగిలే ముప్పు సగం సగం తగ్గుకుంట పోయింది. ఆగాలె, తొడ బలం రెండో కాలుకు దగ్గరగ రావాలె, ఒంటికాలు దుంకుడు పరీక్ష పాసవ్వాలె.

మామ: తొమ్మిది నెలలు! ఆడపిల్ల కడుపు మోసినంత. అన్ని రోజులు ఇల్లు ఎవలు మోస్తరు? ఆదివారం వచ్చేటోళ్లు పోలీసోళ్లు, రైల్వేవాళ్లు. ఒక్క కూత మంచిగ పోతే ఈ ఇంటికి నెల జీతం. నీ పుస్తకంల ఆ గడి ఉన్నదా? నువ్వు రోజూ పిల్లలను అడిగి రాస్తవ్ గద, ఏదో లెక్క. చూపించు.

ఆమె నోట్‌బుక్కు తెరిచింది. అమెరికాలో కార్ల్ ఫోస్టర్ ప్రచారంలోకి తెచ్చిన తేలిక పద్ధతి అది. యంత్రాలు అక్కర్లేదు. కసరత్తు ఎంత కష్టంగా అనిపించిందో పదింట్లో ఒక అంకె ఆటగాడే చెప్తాడు. దాన్ని నిమిషాలతో గుణిస్తే ఆ రోజు ఒంటి మీద పడిన భారం. కుర్రాడి పేజీలో రోజూ దాదాపు ఒకటే: 90 నిమిషాలు, కష్టం 7, మొత్తం 630. వారంవారం పెద్దగా ఎగుడు దిగుడు లేదు. కాగితం ప్రకారం ఈ మోకాలు తెగాల్సిన పని లేదు.

మామ: ఆరువందల ముప్పై. ఇది సాయంత్రం ఏడింటికెల్లి ఎనిమిదిన్నర దాక. పొద్దుగాల పదింటికెల్లి వీడు ఏం జేస్తడు?

కోడలు: డెలివరీ.

మామ: ఎనిమిది గంటలు. నాగ్‌పాడా, భాయ్‌ఖళా, గిర్గావ్. లిఫ్టు లేని పాత బిల్డింగులు. చేతిల సంచి, వీపున డబ్బా. ప్రాక్టీసయినంక మళ్ల రెండు గంటలు. తెల్లారగట్ల నీళ్లొస్తయ్, డ్రమ్ము నింపాలె. వీళ్ల నాయన మస్జిద్ బందర్ల మూటలు మోసిండు, తాత ఇటుకలు మోసిండు. మోసుడు ఆగలె. నీ పుస్తకంల ఆ మోసుడు ఏడున్నది?

కుర్రాణ్ని ఆమె అడిగింది, రోజంతా తిరగడం ఎంత కష్టమని. నాలుగు అన్నాడు. ఎనిమిది గంటలంటే 480 నిమిషాలు. 1,920. అదే కాగితం మీద 630 పక్కన రాసింది. ఎంతసేపు నిద్రపోతావని అడిగింది. ఐదు గంటలన్నాడు. ఎనిమిది గంటల కన్నా తక్కువ పడుకునే పిల్లలకు ఆటలో దెబ్బలు 1.7 రెట్లు ఎక్కువని 2014లో లాస్ ఏంజెలెస్ డాక్టర్లు చూపించారని ఆమే నాకు అంతకుముందు చెప్పింది. ఇప్పుడు ఆ మాట ఎత్తలేదు. కాగితం వైపే చూస్తోంది.

క్రీడా వైద్యం మీద నాకున్న గౌరవం చిన్నది కాదు. అది లేకపోతే ఈ మోకాలు ఫొటోలోని రెండో మనిషి మోకాలవుతుంది. కానీ ఆ శాస్త్రం ఎక్కువగా పుట్టింది ఆట ముగిశాక విశ్రాంతి తీసుకునేవాళ్ల మధ్య. ఆట ముగిశాక పనికెళ్లే ఆటగాడి దినచర్య దాని గళ్లలో ఇమడదు. వరలీ బీడీడీ చాళ్లలోనో, లోయర్ పరేల్‌లోనో, ఇక్కడో, తెలుగు పిల్లలు ఆడే ఆట అంతా పనికీ నిద్రకీ మధ్య దొంగిలించిన గంటన్నర.

కోడలు: నాది తప్పే మామా. ఆటను ఒక్కటే లెక్కబెట్టిన. మూడుకు ఒక వంతు కూడ లేదు అది. అయితే గిదే లెక్క నా దిక్కు కూడ మాట్లాడుతది. ఇంత భారం మీద, నిద్ర లేని ఒంటితోని, తాడు లేని మోకాలును ఆదివారం మ్యాట్ మీద ఎట్ల నిలబెడుదమంటవ్?

మామ: గట్టిగ కట్టు కట్టి, రెండే కూతలు. పాయింట్ తెచ్చి కూసుంటడు.

కోడలు: రెండో కూతల గిన్నె చీరుతది. అప్పుడు పోలీసోళ్లు తీసుకుంటరా? వాళ్లు కూడ ఉరికించి చూస్తరు.

మామ: తీసుకోకపోతే అప్పటి సంగతి.

కోడలు: అప్పుడు సంగతి నా తానకే వస్తది, నీ తానకు గాదు!

గొంతులు పెరిగాయి. వరండాలో పిల్లలు తొంగి చూశారు. గంటసేపటి నుంచి ఇద్దరూ కుర్రాడి మోకాలు గురించి మాట్లాడుతున్నారు, అంకెలు తప్ప కుర్రాణ్ని ఇంకేమీ అడగలేదు. నేను అడిగాను, ఆదివారం ఆడాలని ఉందా అని.

అతను కాసేపు దిండు సరిచేసుకున్నాడు. "ఆడాలనే ఉన్నది అన్నా. కానీ నాకు రాత్రంత నిద్ర పట్టనిది దాని గురించి గాదు. సోమవారం మెట్లు ఎట్ల ఎక్కాలె? బండి కిస్తీ పదో తారీఖు. ఇప్పుడు గీ గది నుంచి మోరీ దాక పోవాలంటేనే గోడ పట్టుకుంటున్న."

వస్తాదు అతని పక్కన కూర్చున్నారు. విప్పిన పంచెగుడ్డను చేతిలో చుట్టచుట్టారు, విప్పారు, మళ్లీ చుట్టారు.

మామ: నాయర్ల ఓపీడీ కాడ ఎన్నింటికి ఉండాలె?

కోడలు: ఎనిమిదికి ముందే. ఫొటో తీపియ్యాలె, ఎమ్మారై కోసం రాపియ్యాలె. తాడు నిజంగ తెగిందో లేదో అప్పుడు ఖాయమైతది. అందరికీ కోసుడే అక్కర్లేదు, కొందరు కసరత్తుతోనే పనికి పోతరు. వాపు దిగేదాక కాలు మెల్లగ వంచుడు, తొడ బిగించుడు నేను చేపిస్త. మొదలు కూసుండి చేసే పని ఏదన్న దొరుకుతదేమో చూద్దం.

మామ: మన కబడ్డీ మండలి పెట్టెల కొన్ని పైసలున్నయ్. ఈ నెల కిస్తీ అందులకెల్లి కడుత. ఆదివారం ఎవలన్న అడిగితే నేనే నిలబడి చెప్త, మా కూతగాడు వస్తడు, ఏడాది ఆగుండ్రి అని. వినకపోతే మళ్ల పైయేడు పిలుస్త. కానీ బిడ్డా, మ్యాట్ సంగతి మాత్రం నేను ఒప్పుకోలె.

కోడలు: ఒప్పుకోకు. రేపటి సంది మన పిల్లలకు ప్రాక్టీసు ముందుగాల నీ పారపని మొదలుపెట్టు. మట్టి నాలుగు బస్తాలు యాడ దొరుకుతదో చూస్త.

మర్నాడు ఏడింటికి ఇద్దరూ ఒకరి మణికట్లు ఒకరు పట్టుకుని, కుర్రాణ్ని ఆ చేతుల మీద కూర్చోబెట్టుకుని దిగారు. ఇరుకు మెట్లు, అరిగిన చెక్క, మలుపు మలుపుకీ ఆగడం. ఆమె ప్రతి మెట్టునూ పైకే లెక్కపెడుతోంది.